విదేశీ విద్యార్థి విలువ ఎంత, ఇంగ్లీషు నేర్పే బాధ్యత ఎవరిది?

విదేశీ విద్యార్థుల వల్ల లాభమా నష్టమా అన్న చర్చ అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఎప్పటినుంచో ఉన్నదే. ఏళ్లు గడిచేకొద్దీ తేలాల్సింది పోయి అది ఇంకా చిక్కుపడింది. ఒకరు వాళ్లు తెచ్చే డబ్బు గురించి చెబితే, ఇంకొకరు వాళ్లు చేసే పరిశోధన గురించి బదులిస్తారు. మూడో మనిషి లేచి స్థానికుల సీట్ల సంగతి ఎత్తుతాడు. ఎవరూ ఎవరి ప్రశ్నకూ జవాబు చెప్పరు. దీనికి ఇంగ్లీషు తోడైంది. డిగ్రీలో చేరే ముందు కొన్ని నెలలపాటు పూర్తికాలం ఇంగ్లీషు నేర్పే ఇంటెన్సివ్ ఇంగ్లీష్ ప్రోగ్రాములు చదువులో భాగమా, విడి వ్యాపారమా, వడపోతా అన్నది ఇప్పటికీ తెగలేదు.

ఇన్ని వాదాల్లోనూ లాభనష్టాలు రాసుకునే ఖాతాలు మూడున్నాయి. ఒకటి దేశానిది, ఒకటి విశ్వవిద్యాలయానిది, ఒకటి విద్యార్థి ఇంటిది. మొదటి రెండింటికీ నివేదికలున్నాయి, సగటు లెక్కలున్నాయి. మూడోదాన్ని తెరిచి చూసినవాళ్లు తక్కువ.

రాయవేలూరు నుంచి చూస్తే

ఈ ప్రశ్నను తమిళనాడులోని వేలూరు, గుడియాత్తం వైపు నుంచి చూడటానికి కారణం ఉంది. ఇక్కడ రాకా పోకా రెండూ ఉన్నాయి. 1984లో జి. విశ్వనాథన్ 180 మంది విద్యార్థులతో మొదలుపెట్టిన ఇంజనీరింగ్ కాలేజీ 2001లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. అదే కాట్పాడి పక్కనున్న విఐటి. ఆంధ్ర, తెలంగాణల పిల్లలు అక్కడ పెద్ద సంఖ్యలో చదువుతారు, వాళ్లలో చాలామందికి తర్వాతి మెట్టు అమెరికాలో ఎమ్మెస్. విదేశాల నుంచి వచ్చి చదివేవాళ్లూ ఉన్నారు. 2000ల దశకంలో చైనా విద్యార్థులు కూడా బాగానే వచ్చారు. ఊరి నడిమధ్య సిఎంసి ఆసుపత్రి. బెంగాల్, బంగ్లాదేశ్, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చే రోగుల వల్ల చుట్టుపక్కల లాడ్జీలకూ మందుల షాపులకూ బెంగాలీ బోర్డులు వెలిశాయి. పరాయివాళ్ల రాక వల్ల ఊరికి ఏం ఒరుగుతుందో వేలూరు వ్యాపారికి ఎవరూ నివేదిక రాసి చెప్పక్కర్లేదు.

గుడియాత్తం వేలూరుకు పడమట ఉంది. లుంగీల నేత, అగ్గిపెట్టెలు, బీడీలు ఆ ఊరి బతుకు. అటు పలమనేరు, ఇటు చిత్తూరు దగ్గరే కాబట్టి తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీకొచ్చేసరికి ఇంగ్లీషు. సరిహద్దు దాటకుండానే రెండుసార్లు భాష మార్చుకున్న ఇలాంటి విద్యార్థికి విదేశీ విద్యార్థి కష్టంలో సగం ముందే తెలుసు.

మిషన్ కాలేజీ నుంచి మిషిగన్ దాకా

ఈ ప్రాంతానికి విదేశీ చదువు కొత్తేమీ కాదు. 1853లో స్కడర్ సోదరులు అమెరికన్ ఆర్కాటు మిషన్‌ను స్థాపించారు. ఆ మిషన్ నడిపిన వూర్హీస్ కాలేజీలో 1900ల తొలి ఏళ్లలో సర్వేపల్లి రాధాకృష్ణన్ చదువుకున్నారు. తిరుత్తణిలో తెలుగు ఇంట పుట్టి, వేలూరు నుంచి మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లిన ఆయన 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో స్పాల్డింగ్ ఆచార్య పీఠం అందుకున్నారు. 1918లో ఐడా స్కడర్ వేలూరులో అమ్మాయిల కోసం వైద్య పాఠశాల తెరిచారు, నేటి సిఎంసి వైద్య కళాశాలకు మూలం అదే. ఆ రోజుల్లో పరాయి దేశం నుంచి వచ్చినవాడు విద్యార్థి కాదు, ఉపాధ్యాయుడు. ఊరి భాష నేర్చుకోవాల్సిన భారమూ ఆ వచ్చినవాడిదే. తమిళమో తెలుగో రాని మిషనరీకి ఇక్కడ పని సాగేది కాదు.

విద్యార్థి ప్రయాణించడం, భాష భారం అతని మీద పడటం తర్వాతి కథ. 1941లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫ్రీస్ ఇంగ్లీష్ లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పారు. ఎక్కువగా లాటిన్ అమెరికా నుంచి వచ్చేవాళ్లకు అక్కడ కొన్ని వారాలపాటు రోజంతా ఇంగ్లీషే. వాక్య నిర్మాణాలను వల్లె వేయించడం ఆ పద్ధతి. ఇంటెన్సివ్ ప్రోగ్రాముల వంశవృక్షం అక్కడ మొదలవుతుంది. మన వైపు 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఏర్పడింది. మన ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం దాని పని. అదే ఇప్పటి ఇఫ్లూ.

1964లో రెండు సంగతులు జరిగాయి. అమెరికాలో టోఫెల్ పరీక్ష మొదలైంది. ఢిల్లీలో భారత ప్రభుత్వం ఐటెక్ పథకాన్ని ప్రారంభించింది, వర్ధమాన దేశాల ఉద్యోగులను పిలిచి శిక్షణ ఇవ్వడం దాని ఉద్దేశం. ఒకటి గుమ్మం దగ్గర ఇంగ్లీషును కొలిచే ఏర్పాటు. రెండోది లోపలికి పిలిచి నేర్పే ఏర్పాటు. ఆ తర్వాత అరవై ఏళ్ల చర్చంతా ఈ రెండు వైఖరుల మధ్యే తిరిగింది, మొదటిది మాత్రం బాగా బలిసింది.

డబ్బు లెక్క

ఆర్థిక వాదం అన్నిటికంటే గట్టిగా వినిపిస్తుంది, అంకెలు చేతిలో ఉంటాయి గనుక. 2023-24లో అమెరికాలో 11,26,690 మంది విదేశీ విద్యార్థులుంటే అందులో 3,31,602 మంది భారతీయులు. చైనాను దాటి మనం మొదటి స్థానానికి చేరిన సంవత్సరం అది. వాళ్లందరి ఖర్చు వల్ల అమెరికా ఆర్థిక వ్యవస్థకు 4,380 కోట్ల డాలర్లు చేరాయని, 3,78,000కు పైగా ఉద్యోగాలకు ఆసరా దొరికిందని అక్కడి అంతర్జాతీయ విద్యావేత్తల సంఘం నాఫ్సా లెక్కగట్టింది. బ్రిటన్‌లో లండన్ ఎకనామిక్స్ సంస్థ ఇంకొంచెం జాగ్రత్త పడింది. 2021-22లో చేరిన విదేశీ విద్యార్థుల వల్ల 4,190 కోట్ల పౌండ్ల లాభం, ప్రజాసేవల మీద 440 కోట్ల ఖర్చు, నికరంగా దాదాపు 3,740 కోట్లు అని తేల్చింది. ఖర్చును కూడా లాభం పక్కనే చూపించింది కాబట్టి ఈ రెండో పద్ధతే మెరుగు.

దీనికి ఎదురువాదం, విదేశీయులు స్థానికుల సీట్లు తన్నుకుపోతున్నారన్నది. మాస్టర్స్ స్థాయిలో ఇది నిలవడం లేదు. విదేశీయులు కట్టే పూర్తి ఫీజు స్థానికుల చదువుకు ఊతమవుతోందని కెవిన్ షీ 2017లో చూపించారు. ప్రభుత్వాలు నిధులకు కోత పెట్టినప్పుడల్లా అమెరికా ప్రభుత్వ పరిశోధన విశ్వవిద్యాలయాలు విదేశీ విద్యార్థుల కోసం వెతుక్కున్నాయని జాన్ బౌండ్ బృందం 2020లో తేల్చింది. నిధులు 10 శాతం తగ్గితే విదేశీ ప్రవేశాలు సుమారు 12 శాతం పెరిగాయి. అంటే ఈ పిలుపు వెనక ఆదరణ కంటే అవసరం ఎక్కువ. డాక్టరేట్ల దగ్గర కథ మారుతుంది. ఒక రంగంలో విదేశీ డాక్టరేట్ల సరఫరా 10 శాతం పెరిగితే అదే రంగంలో పోటీపడేవాళ్ల జీతాలు 3, 4 శాతం పడతాయని జార్జ్ బోర్హాస్ వాదించారు. ఈ వివాదం ఇంకా నడుస్తోంది.

ఏ లెక్కా పట్టించుకోనిది విద్యార్థి ఇల్లు. అమెరికా ఖాతాలో రాబడి అయిన డాలరు ఇక్కడ బ్యాంకు అప్పు, లేదా అమ్మిన పొలం. ఉద్యోగం దొరికితే అది పెట్టుబడి, దొరక్కపోతే వడ్డీ. ఆతిథ్య దేశానికి మాత్రం రెండు సందర్భాల్లోనూ ఫీజు ఒకటే.

పరిశోధన సంగతి

ఇక్కడ ఎక్కువ చెప్పాల్సిన పని లేదు, సాక్ష్యం ఒకవైపే మొగ్గుతుంది. అమెరికాలో విదేశీ పట్టభద్ర విద్యార్థులు 10 శాతం పెరిగితే పేటెంట్ దరఖాస్తులు సుమారు 4.5 శాతం పెరుగుతాయని చెల్లరాజ్, మస్కస్, మట్టూ 2008లో అంచనా వేశారు. తరగతిలో భిన్నత్వం స్థానిక విద్యార్థికి మేలు చేస్తుందన్న వాదన మాత్రం సాక్ష్యం కంటే ప్రచార పత్రాల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. ఒకే క్యాంపస్‌లో ఉన్నంత మాత్రాన కలిసి భోంచేస్తారని లేదు. అమెరికాలో తెలుగు పిల్లలు తెలుగు పిల్లలతోనే గది పంచుకోవడం అందరికీ తెలిసిన సంగతి, కాట్పాడి హాస్టళ్లలోనూ రాష్ట్రాల వారీ గుంపులు ఉండనే ఉంటాయి.

నేర్పడమా, వడకట్టడమా

భాష దగ్గరికి వస్తే మూడు దృక్పథాలున్నాయి. మొదటిది ఫ్రీస్ పరంపర: ముందు ఇంగ్లీషు, తర్వాత చదువు. ఇంటెన్సివ్ ప్రోగ్రాములు, బ్రిటన్‌లో వేసవి ప్రీ-సెషనల్ కోర్సులు, ప్రైవేటు కంపెనీలు విశ్వవిద్యాలయాలతో కలిసి నడిపే పాత్‌వే కోర్సులు అన్నీ దీని సంతానమే. భయం లేకుండా తప్పులు చేసే చోటు దొరకడం ఇందులో మంచి. డిగ్రీ లెక్కకు రాని నెలలకు ఫీజు కట్టాల్సి రావడం ఇందులో చెడు.

రెండోది, భాషను విషయం నుంచి విడదీయకూడదనే దృక్పథం. ఇంజనీరుకు నివేదిక రాయడం నేర్పాలి, నర్సుకు రోగితో మాట్లాడటం నేర్పాలి. జాన్ స్వేల్స్ 1990లో విద్యా రచనల స్వరూపాన్ని విశ్లేషించాక దీనికి గట్టి పునాది పడింది. అంతకు ముందే మన దగ్గర ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వంటి చోట్ల మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణం బోధించకుండా, రైళ్ల వేళల పట్టికలు, పటాలు, లెక్కల పనులు ఇచ్చి ఇంగ్లీషులో ఆలోచింపజేశారు. పని మీద దృష్టి పెడితే భాష వెనకే వస్తుందన్నది ఆయన నమ్మకం. పని ఆధారిత బోధన మీద ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా ఈ దక్షిణాది బడుల ప్రస్తావన వస్తుంది. ఆ బడుల చుట్టుపక్కల ఊళ్లలో మాత్రం స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులు ఇంకా ముప్పై రోజుల్లో వరప్రసాదం ఇస్తామంటున్నాయి.

మూడోది విమర్శకుల దృక్పథం. ఇంగ్లీషు బోధన ఒక అధికార వ్యవస్థ అని రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో రాశారు. భారతీయ ఇంగ్లీషు తప్పుల పుట్ట కాదని, దానికీ స్వంత ప్రమాణాలున్నాయని బ్రజ్ కచ్రు అంతకు ముందే వాదించారు. ఇంటర్ నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివిన వేలూరు విద్యార్థి మళ్లీ డబ్బు కట్టి ఇంగ్లీషు వచ్చని నిరూపించుకోవడం ఎందుకన్న ప్రశ్నకు వీళ్ల దగ్గర పదునుంది. కానీ వీళ్లు ఒకటి దాటేస్తారు. మీడియం ఇంగ్లీషు అయినంత మాత్రాన భాష వచ్చినట్టు కాదని గుడియాత్తంలో ఏ డిగ్రీ అధ్యాపకుడైనా చెబుతాడు.

ఈ మూడింటి మధ్య తీర్పు చెప్పడానికి పనికొచ్చేది జిమ్ కమిన్స్ 1979లో చూపిన తేడా. రోజువారీ సంభాషణ రెండేళ్లలో పట్టుబడుతుంది, చదువుకు కావాల్సిన భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చు. ఆయన చూసింది వలస కుటుంబాల బడిపిల్లలను, పెద్దవాళ్లకు ఆ కాలాలు అచ్చంగా వర్తించవు. అయినా అంతరం నిజం. మూడు నెలల ఇంటెన్సివ్ కోర్సు మీద ఎంత బరువు మోపవచ్చో దీన్నిబట్టి తెలుస్తుంది. టోఫెల్, ఐఇఎల్‌టిఎస్ మార్కులకూ తర్వాత వచ్చే గ్రేడ్లకూ సంబంధం ఉన్నా అది అంత బలమైనది కాదని పదేపదే తేలింది కూడా.

తెలుగువాడి దారి వేరు

అమెరికాలో ఇంటెన్సివ్ ఇంగ్లీషు చదివేవాళ్ల సంఖ్య 2015లో 1,33,000 దాటింది. సౌదీ అరేబియా 2005లో మొదలుపెట్టిన స్కాలర్‌షిప్ పథకం దానికి పెద్ద అండ. ఆ పథకానికి కోత పడగానే రెండేళ్లలో సంఖ్య 90 వేల కిందికి జారింది. ఒక ఖజానా మీద ఆధారపడిన తరగతులకు ఆ ఖజానా మూతపడితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది.

ఇందులో తెలుగువాళ్లు దాదాపు లేరు. 2023-24లో అమెరికాలో ఉన్న భారతీయుల్లో 1,96,567 మంది పట్టభద్ర స్థాయిలో, 97,556 మంది చదువు తర్వాతి శిక్షణ ఉద్యోగం ఓపీటీలో, 36,053 మంది అండర్‌గ్రాడ్యుయేట్ స్థాయిలో ఉన్నారు. ఇంగ్లీషు కోర్సులు సహా డిగ్రీ కాని చదువులన్నీ కలిపితే 1,426 మంది. కారణం వీసా నియమాల్లోనే ఉంది. ఇంగ్లీషు శిక్షణకు వచ్చినవాళ్లు వారానికి కనీసం 18 గంటలు తరగతిలో కూర్చోవాలి, వాళ్లకు ఓపీటీ వర్తించదు. సైన్సు, ఇంజనీరింగ్ ఎమ్మెస్ చేసినవాడికి ఏడాది ఓపీటీ మీద మరో 24 నెలలు దొరుకుతాయి. అప్పు చేసి వెళ్లేవాడు ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పాలా?

అందువల్ల మన ఇంటెన్సివ్ ఇంగ్లీషు అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో, విజయవాడలో జరుగుతుంది. కోచింగ్ సెంటర్ లక్ష్యం బ్యాండ్ స్కోరు. వ్యాసానికి అచ్చు, మాట్లాడే పరీక్షకు అచ్చు ఇచ్చి గుమ్మం దాటిస్తారు. ఆ పని వాళ్లు బాగానే చేస్తారు. మొదటి సెమిస్టర్‌లో ఇరవై పేజీల పేపర్ రాయాల్సి వచ్చినప్పుడు ఆ అచ్చు చాలదు. అమెరికాలో 2010 నాటి చట్టం ఇంగ్లీషు శిక్షణ సంస్థలకు గుర్తింపు తప్పనిసరి చేసింది. అమీర్‌పేటలో అలాంటి గీటురాయి లేదు. విదేశీ విద్యార్థి ఇంగ్లీషు మీద ప్రపంచంలో జరిగే చర్చ ఈ కారణంగా మన అనుభవాన్ని తాకకుండానే పోతుంది.

విద్యార్థి విలువంటే ఫీజే అనుకున్నచోట ఏం జరుగుతుందో కూడా తెలుగు కుటుంబాలకు తెలుసు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగాయి. అక్కడ పేర్లున్న వెయ్యికి పైగా విద్యార్థుల్లో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. కొందరి కాళ్లకు రేడియో కడియాలు తొడిగారు. ఆ సంస్థ నిర్వాహకురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ వ్యవహారం బయటపడింది. అది అమెరికా ప్రభుత్వ అధికారులే వల పన్నడానికి సృష్టించిన నకిలీ విశ్వవిద్యాలయం. తరగతులు లేవని తెలిసి చేరినవాళ్లున్నారు, మోసపోయినవాళ్లూ ఉన్నారు. ఎవరు ఎటువైపో తేల్చే ఓపిక ఆ రోజుల్లో ఇక్కడి పత్రికలకూ లేకపోయింది, అక్కడి అధికారులకూ లేకపోయింది.

మన దగ్గరికి వచ్చేవాళ్లు

భారతదేశం ఆతిథ్యమిచ్చే పాత్రలో ఇంకా చిన్నదే. 2021-22లో దేశంలో 46,878 మంది విదేశీ విద్యార్థులున్నారు. వాళ్లలో నాలుగో వంతుకు పైగా నేపాల్ వాళ్లు. 2018లో ‘స్టడీ ఇన్ ఇండియా’ మొదలైనప్పుడు 2023 నాటికి రెండు లక్షలని చెప్పుకున్నారు. 2022లో అదనపు కోటాగా 25 శాతం సీట్లకు యుజిసి వీలిచ్చింది. సీట్లు పెరిగినంత తేలిగ్గా విద్యార్థులు పెరగలేదు.

మన ప్రచారంలో మొదటి ఆకర్షణ ఇంగ్లీషు మీడియం. కానీ అరబిక్‌లోనో ఫ్రెంచిలోనో చదివి వచ్చినవాడికి ఆ మీడియం అందేలా చేసేదెవరు? దీనికి మన దగ్గరున్న మంచి జవాబు హైదరాబాద్ ఇఫ్లూ. ఐటెక్ కింద ఆసియా, ఆఫ్రికా దేశాల అధికారులు, ఉపాధ్యాయులు వచ్చి అక్కడ ఇంగ్లీషు నేర్చుకుంటారు. కంబోడియా, లావోస్, మయన్మార్, వియత్నాంలలో ఇంగ్లీషు శిక్షణ కేంద్రాలు పెట్టడంలోనూ ఆ సంస్థ చేయి ఉంది. ఖర్చు చాలావరకు భారత ప్రభుత్వానిది, బదులుగా వచ్చేది ఫీజు కాదు, స్నేహం. నాఫ్సా పద్ధతిలో లెక్కిస్తే దీని విలువ సున్నాకు దగ్గర. ఈ ఒక్క ఉదాహరణే ఆ పద్ధతి ఎంత ఇరుకైందో చూపిస్తుంది.

విఐటిలో ఇంకో నమూనా ఉంది. చేరినవాళ్లకు ఇంగ్లీషు సామర్థ్య పరీక్ష పెట్టి, అందులో నెగ్గనివాళ్ల చేత ముందు ప్రాథమిక ఇంగ్లీషు కోర్సు చదివించడం. ఇందులో బాగున్నది, గుంటూరు పిల్లవాడికీ బయటి దేశం పిల్లవాడికీ ఒకే కొలత. పరీక్ష గుమ్మం బయట కాకుండా లోపల ఉంది. సీటు ఇచ్చాక భాష లోటు తీర్చడం సంస్థ పని అవుతుంది.

తెలుగు పిల్లలు ఎంబీబీఎస్‌కు ఫిలిప్పీన్స్, జార్జియా, కిర్గిజ్‌స్తాన్ వెళ్లే దారిలో ప్రశ్న తలకిందులవుతుంది. 2021 నాటి జాతీయ వైద్య కమిషన్ నియమాల ప్రకారం కోర్సు 54 నెలలు ఉండాలి, బోధన ఇంగ్లీషులో సాగాలి, ఏడాది ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలి. పాఠం ఇంగ్లీషులో, రోగి బాధ ఇంకో భాషలో. సిఎంసి వార్డుల్లో తమిళం, తెలుగు, బెంగాలీ, హిందీ వింటూ పనిచేసేవాళ్లకు ఇంగ్లీషు ఒక్కటే సరిపోదని తెలుసు.

గుడియాత్తం బెంచీ

1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ శాసనసభకు ఎన్నికైంది గుడియాత్తం ఉపఎన్నికలోనే. ఆయన కాలంలో విస్తరించిన బడులు, మధ్యాహ్న భోజనం ఎన్నో ఇళ్లకు మొదటి చదువరిని ఇచ్చాయి. ఇప్పుడు మూడో తరం కాలేజీలో ఉంది. తమిళనాడులో 2006 నాటి చట్టం ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేశాక, భాషాపరమైన అల్పసంఖ్యాకులు మినహాయింపుల కోసం కోర్టుల చుట్టూ తిరిగారు. ఆ పోరాటంలో తెలుగు, తమిళం ఎదురెదురుగా నిలబడితే ఇంగ్లీషు అడగకుండానే లాభపడింది. తెలుగు మీడియం వదిలిన కుటుంబాల్లో చాలా వరకు ప్రైవేటు ఇంగ్లీషు బడివైపు వెళ్లాయి.

సరిహద్దు అవతల వాదం ఇంకో రూపం తీసుకుంది. ప్రభుత్వ బడులన్నిటిలో ఇంగ్లీషు మీడియం పెట్టాలన్న ఆంధ్రప్రదేశ్ ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. 2023లో అదే ప్రభుత్వం బడిపిల్లలకు టోఫెల్ శిక్షణ కోసం అమెరికా సంస్థ ఇటిఎస్‌తో ఒప్పందం చేసుకుంది. విదేశీ విశ్వవిద్యాలయం గుమ్మం దగ్గరుండాల్సిన కొలత మూడో తరగతి దాకా దిగివచ్చింది. తమిళనాడు 2022లో ‘నాన్ ముదల్వన్’ పథకంతో డిగ్రీ స్థాయిలో నైపుణ్య కోర్సుల దారి పట్టింది. ఈ రెండింటిలో రెండోదే తక్కువ ఆర్భాటం, ఎక్కువ ప్రయోజనం అనిపిస్తుంది, పరీక్ష కాక పని కేంద్రంగా ఉంది గనుక.

ఇంకా తేలనివి

ఇంగ్లీషు కోర్సుకు క్రెడిట్లు ఇవ్వాలా వద్దా అన్నది మొదటి తగాదా. ఇస్తే డిగ్రీ పలచబడుతుందని ఆచార్యులు అంటారు, ఇవ్వకపోతే నెలల ఫీజు వృథా అని విద్యార్థులు అంటారు. నేర్పి గ్రేడ్ వేసినదానికి క్రెడిట్ నిరాకరించడంలో న్యాయం కనిపించదు. రెండో తగాదా సమాచారానిది. బడిలో తమిళ, తెలుగు మీడియం చదివినవాళ్లు ఇంగ్లీషు తోడ్పాటుతో ఎక్కడిదాకా వెళ్లారో కాలేజీలు విడిగా లెక్కగట్టి బయటపెడితే తప్ప ఏ కోర్సు పనిచేసిందో చెప్పలేం.

మూడోది కాలం తెచ్చింది. 2024 జనవరిలో కెనడా స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టింది, అదే నెలలో బ్రిటన్ చాలామంది మాస్టర్స్ విద్యార్థుల కుటుంబ వీసాలు ఆపేసింది. 2025 శరదృతువులో అమెరికాలో కొత్తగా చేరే విదేశీ విద్యార్థులు 17 శాతం తగ్గారు. విలువ గురించి నివేదికలు రాసిన దేశాలే తలుపు దగ్గరగా వేస్తున్నాయి. అక్కడి విశ్వవిద్యాలయాల ఖాతాలో ఆ లోటు ఎలా పూడుతుందో వాళ్లు చూసుకుంటారు. అప్పు చేసి, కోచింగ్ ముగించి, స్కోరు చేతపట్టుకున్న విద్యార్థికి ఆ స్కోరు చెల్లుబాటయ్యేది రెండేళ్లే.